ఎనిమిది జాడీల కొరివికారం

పర్చూరులో ఇంకొల్లు రోడ్డు మీద నిలబడి చెంచమ్మ ఇల్లెక్కడని అడిగితే ఏ చెంచమ్మ అని ఎదురడుగుతారు. కొరివికారం చెంచమ్మ అంటే చాలు, వెంటపెట్టుకుని తీసుకెళ్లి గుమ్మంలో దిగబెడతారు. పండుమిరపకాయల్ని కల్లుప్పూ చింతపండూ వేసి రోట్లో తొక్కి జాడీకెత్తే ఆ ఎర్రటి పచ్చడి మన వైపు ఎవరి ఇంట్లో వాళ్లు పెట్టుకునేదే. అయినా చెంచమ్మ పెట్టింది వేరు. ఏడాది తిరిగొచ్చినా రంగు దిగదు, ఘాటు తగ్గదు, బూజు ఊసే ఉండదు. ఒంగోలు నుంచీ చీరాల నుంచీ ఆడవాళ్లు ముందుగా కబురు పెట్టి మరీ పెట్టించుకునేవారు.

ఆవిడ చదివింది ఐదో తరగతి. కానీ మిరపకాయను రెండు వేళ్లతో నొక్కి, ఇందులో నీరెంత ఉంది, ఎంత ఉప్పు తింటుంది అన్నది అక్కడికక్కడే చెప్పేసేది. ఎలా తెలిసిందని అడిగితే కసురుకునేది.

"తెలిసేదేముంది? కనపడటంలా?"

మనకు కనపడదు మరి. ఆవిడకు కనపడుతుంది. నోరు మాత్రం మంచిది కాదు, ఉన్నమాట చెప్పుకోవాలి. తొడిమలు తీసే కూలివాళ్లలో ఎవరైనా తడిచేత్తో కాయ ముట్టుకున్నారో, ఆ కేకలు వీధి చివర సైకిలు షాపు దాకా వినపడేవి.

జనవరి నుంచి మార్చి దాకా ఆ ఇంట్లో మనుషులకు చోటుండేది కాదు. నడవలో జాడీలు, వంటింట్లో జాడీలు, మంచాల కింద జాడీలు. భర్త యలమందయ్య పొలం నుంచి వచ్చి, కాలు పెట్టడానికి సందు లేక అరుగు మీదే అన్నం తిని మళ్లీ పొలానికి పోయేవాడు. ఆ మూడు నెలలూ ఇంట్లో ఇంకో కట్టుబాటు ఉండేది. ఆడమనిషి బయట చేరితే, అదే, నెలసరి వస్తే, ఆ జాడీలున్న కప్పు కింద ఉండకూడదు. ముట్టు తగిలితే పచ్చడి చెడిపోతుందని చెంచమ్మకు వాళ్లమ్మ చెప్పింది, వాళ్లమ్మకు ఆవిడ అత్తగారు చెప్పింది. చెంచమ్మ కూడా ఆ రోజుల్లో పశువుల పంచలో చాప వేసుకుని, అక్కడి నుంచే కూలివాళ్ల మీద అరుస్తూ పని నడిపించేది.

ఒక్కగానొక్క కూతురు ధనశ్రీని పశువుల పంచలో పడుకోబెట్టడానికి మాత్రం ఆవిడకు మనసొప్పలేదు. అందుకని పిల్ల బయట చేరినప్పుడల్లా నాలుగు మైళ్ల అవతల పల్లెలో ఉన్న తన అక్క హనుమాయమ్మ ఇంటికి పంపేది. తల్లిగా అది ఆవిడ చూపించిన దయే. కానీ ఆ పల్లెకు బస్సు లేదు, అక్కడ హైస్కూలు లేదు. వెళ్లినప్పుడల్లా నాలుగేసి రోజులు బడి ఎగిరిపోయేది. లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చే పిల్ల, ఎనిమిదో తరగతి ఆఖర్లో వెనక్కి జారి ఆరో స్థానంలో పడింది. పెద్దమ్మ ఇంటి నుంచి వచ్చేసరికి బోర్డు మీద కొత్త పాఠం ఉండేది, పాతది ఎప్పుడు అయిపోయిందో ఎవరూ చెప్పేవాళ్లు కారు. ధనశ్రీ ఏడ్చేది. "ఆడపిల్లవి, నాలుగు రోజులకే కొంప మునిగిందా?" అని చెంచమ్మ కసిరేది. అదీ ఆ ఇంటి పరిస్థితి.

2006లో ఆ బళ్లోకి లక్ష్మీదుర్గ అని లెక్కల టీచరు వచ్చింది. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే పదిమంది ఆడపిల్లల్ని వెంటేసుకుని బస్టాండు దగ్గర హయాత్ నెట్ సెంటరుకు తీసుకెళ్తానంది. ఊరు ఊరంతా గుండెలు బాదుకుంది. నెట్ సెంటరంటే తలుపులు బిగించిన చెక్క గదులు, లోపల ఎవరేం చూస్తున్నారో తెలియదు, అక్కడికి ఆడపిల్లలా! టీచరు నేరుగా హయాత్ దగ్గరికే వెళ్లింది.

"తలుపులుంటే మా పిల్లలు రారండి."

హయాత్ స్క్రూడ్రైవరు తీశాడు. తలుపులన్నీ ఊడబీకి, కంప్యూటర్ల ముఖాలు వీధివైపు తిప్పాడు. ఆ తర్వాత రోడ్డున పోయేవాళ్లంతా లోపల పిల్లలు ఏం చూస్తున్నారో నిలబడి చూసేవాళ్లు. చూసి, అంకెలు తప్ప ఏమీ కనపడక ఉసూరుమంటూ పోయేవాళ్లు.

వాళ్లు చూసేది ఆడపిల్లల కోసమే పెట్టిన సైన్సు, లెక్కల సైటు. అంతా ఇంగ్లీషు. పేజీ తెరుచుకునేలోపు ఒక ఎక్కం అప్పజెప్పొచ్చు. అందులో పొడుపు లెక్కలుండేవి, పెద్ద పెద్ద చదువులు చదివిన ఆడవాళ్లు తాము లెక్కలంటే ఎలా భయపడి ఎలా బయటపడ్డారో రాసుకున్న కబుర్లుండేవి. ఒక పేజీలో ఇలా రాసుంది: మీ ఇంట్లో అందరూ నిజమని నమ్మే మాట ఒకటి పట్టుకోండి, అది నిజమో కాదో పరీక్ష చేసి మాకు రాయండి. మిగతా పిల్లలు కాకి అరిస్తే చుట్టాలొస్తారన్నదీ, బల్లి పడితే ఏమవుతుందన్నదీ పట్టుకున్నారు. ధనశ్రీ అరగంట సేపు ఆ పేజీ వంకే చూసి, టీచరు చెవిలో ఏదో చెప్పింది. టీచరు ముఖం ఎర్రబడింది. తర్వాత "రాయి" అంది.

వారం తిరిగేసరికి బెంగుళూరు నుంచి ఒక శాస్త్రవేత్త జవాబిచ్చింది. మంచి ప్రశ్న అడిగావు అంటూ మూడు షరతులు పెట్టింది. ఒక్క జాడీతో ఏదీ తేలదు, ఎనిమిదైనా ఉండాలి, సగం తాకినవి, సగం తాకనివి. ఆ తాకడం ఒక్కటి తప్ప మిగతాదంతా అన్నింటికీ ఒకేలా ఉండాలి. రుచి చూసే మనిషికి ఏది ఏదో తెలియకూడదు.

ఇక ఇంట్లో చెప్పడమే మిగిలింది. చెంచమ్మ రోటి దగ్గర ఉండగా చూసి కదిపింది పిల్ల.

"అమ్మా, ముట్టుకుంటే పచ్చడి చెడిపోవడం నువ్వెప్పుడన్నా చూశావా?"

"చూడటమేంటే? ముట్టుకోనిస్తేగా చెడేది, చెడితేగా చూసేది!"

"మరి చూడకుండా ఎట్లా తెలిసింది?"

చెంచమ్మ రోకలి ఆపింది. జవాబు దొరకనప్పుడు ఆవిడకు కోపం వస్తుంది. వచ్చింది. టీచర్నీ, హయాత్‌నీ, ఆ బెంగుళూరావిడనీ కలిపి అరగంట తిట్టింది. ఎంత తిట్టినా పిల్ల అక్కణ్ణుంచి కదల్లేదు. చివరికి చెంచమ్మకే విసుగొచ్చింది.

"సరేనే, పెట్టు ఎనిమిది జాడీలు. చెడిపోయాక మాత్రం మళ్లీ ఈ ఊసెత్తకూడదు. నోరుమూసుకుని పెద్దమ్మ ఇంటికి పోవాలి."

"చెడిపోకపోతే?"

"చెడిపోకపోతే ఎక్కడికీ పోనక్కర్లా. ఇంట్లోనే ఉండు, బడికి పో."

అలా ధనశ్రీ బడి ఎనిమిది జాడీల మీద ఆధారపడింది. వచ్చే ఏడు పదో తరగతి. పబ్లిక్ పరీక్షలు మార్చిలో, సరిగ్గా పచ్చడి రోజుల్లో. ఏ పరీక్ష ఏ రోజున పడుతుందో ఎవరికి తెలుసు?

2007 జనవరి మొదట్లో ఒకే రోటి పచ్చడిని ఎనిమిది చిన్న జాడీలకెత్తారు. పిల్ల బయట చేరిన రోజున, చేతులు కడిగి ఆరబెట్టుకుని నాలుగు జాడీల్లో చెయ్యి పెట్టి కలిపింది. మిగతా నాలుగూ తల్లి కలిపింది. మూతికి గుడ్డ వాసెన కట్టి, తల్లి కలిపినవి వంటింటి అటక మీద పెట్టారు. పిల్ల కలిపినవి పిల్ల చేతే మోయించి పశువుల పంచలో గోడవారగా రెండు వరసల్లో పెట్టించింది చెంచమ్మ. ఇంట్లో మిగతా పచ్చడంతా ఉంది, వాటి మధ్య ఎలా పెడతారు? పిల్ల కూడా మారుమాట లేకుండా మోసింది. ఆ తర్వాత పెద్దమ్మ ఇంటికి పోయింది.

నలభయ్యో రోజున వాసెనలు విప్పారు. చూడటానికి హనుమాయమ్మ పనిగట్టుకుని వచ్చింది. వంటింట్లోవి నాలుగూ నిగనిగలాడుతున్నాయి. పంచలోవి విప్పితే రెండింట్లో తెల్లగా బూజు.

"నే చెప్పలా! ఇంగ్లీషు బొమ్మల పెట్టె చెప్పిందని పెద్దల మాట కాదంటే ఇట్లాగే ఉంటుంది!" హనుమాయమ్మ ముఖం వెలిగిపోయింది.

ధనశ్రీ లేచింది. లోపలికి వెళ్లి పెట్టెలోంచి రెండు జతల బట్టలు తీసి సంచిలో పెట్టుకుంది. ఇంకో రెండు వారాల్లో ఎలాగూ వెళ్లాలిగా. ఎదురు తిరిగితే నాలుగు తిట్టేదే చెంచమ్మ. తిట్టడానికి కూడా పిల్ల సందివ్వలేదు. పందెం గెలిచిన మనిషికి ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు చెడిపోయిన పచ్చడి పారబోసి జాడీలు కడుగుదామని కూర్చుంది. ముప్పై ఏళ్లుగా పచ్చడి పెడుతున్న చేతులు కదా, ఊరుకోవు. వాసెన గుడ్డ తడిమి చూసింది. చెమ్మ. బూజు జాడీ అంతా లేదు, ఒక పక్కనే ఉంది. రెండు జాడీల్లోనూ ఆ పక్కే. లేచి వెళ్లి పంచలో చూసింది. బూజు పట్టినవి రెండూ గోడకు ఆనించినవి, బాగున్న రెండూ ఇవతలి వరసలోవి. గోడ మీద అరచెయ్యి వేస్తే చల్లగా తగిలింది. అవతల కుడితి తొట్టి. ఏడాది పొడుగునా ఆ గోడ నీళ్లు తాగుతూనే ఉంటుంది.

చెంచమ్మ అక్కడే నిలబడి లెక్క వేసుకుంది. ముట్టు వల్లే చెడితే నాలుగూ చెడాలి. రెండే ఎందుకు చెడ్డాయి?

నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. గెలిచింది తను. అక్క మెచ్చుకుంది, పిల్ల నోరు మూతపడింది, కట్టుబాటు నిలబడింది. ఇంకేం కావాలి? రెండు రోజులు అలాగే బిగబట్టుకుని తిరిగింది పాపం. కానీ కాయ గురించి, ఉప్పు గురించి, బూజు గురించి ఆవిడ జన్మలో అబద్ధమాడలేదు. ఇప్పుడాడితే తన చేతికి తనే ద్రోహం చేసుకున్నట్టనిపించింది. మూడోనాడు పొద్దున్నే పిల్లను కేకేసింది.

"ఏమే, ఆ బెంగుళూరావిడకు చెడిపోయిందని రాసేశావా?"

"శనివారమే రాశానమ్మా."

"మళ్లీ రాయి. చెడగొట్టింది నువ్వు కాదు, గోడ."

చెప్పి, పంచలోకి లాక్కెళ్లి చెమ్మ చూపించింది. ధనశ్రీ గోడ మీద చెయ్యి పెట్టి చూసి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, మనం జాడీల్ని కూడా బయట కూర్చోబెట్టాం."

చెంచమ్మ మళ్లీ గోడ వంక చూసింది. తను ఎన్నేళ్లు ఆ గోడ పక్కనే చాప వేసుకుని పడుకుందో, ఎన్నిసార్లు జలుబు చేసి మూలిగిందో అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పిల్ల చూడకుండా కొంగుతో ముఖం తుడుచుకుంది.

తర్వాతి శనివారం, చెడిపోయిందని రాసినదానికి వచ్చిన బెంగుళూరు జవాబు కాగితం మీద అచ్చు తీసుకుని పరుగెత్తుకొచ్చింది ధనశ్రీ. ఎనిమిది జాడీలనూ ఒకే చోట ఉంచారా అని అడిగింది ఆవిడ, మొట్టమొదటి ప్రశ్నే అది.

"ఆవిడెవరో పచ్చళ్లు పెట్టే మనిషేనే," అంది చెంచమ్మ తేల్చేస్తూ.

రెండోసారి పకడ్బందీగా చేశారు. పందెం మళ్లీ మొదటి నుంచి, షరతులు అవే. ఫిబ్రవరి ఆఖర్లో పిల్ల రోజులు రాగానే టీచరు ఇంటికొచ్చింది. చెంచమ్మను బయటికి పంపేసి, నాలుగు జాడీలు టీచరు కలిపింది, నాలుగు ధనశ్రీ కలిపింది. అడుగున అంకెలు అంటించి, అన్నీ కలగాపులగం చేసి వంటింటి అటక మీద ఒకే వరసలో పెట్టారు. ఏ అంకె ఎవరిదో రాసిన కాగితం కవరులో పెట్టి అంటించి హయాత్‌కు ఇచ్చారు. లోపల జాడీలు అటకెక్కుతున్న చప్పుడు వింటూ చెంచమ్మ వీధిలో అటూ ఇటూ తిరిగింది. నమ్మకం ఒక్క పూటలో పోయేది కాదు కదా. పందెం తేలేదాకా పాత కట్టుబాటే కాబట్టి పిల్ల సంచి తీసుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్లింది, మార్చిలో ఇంకోసారి వెళ్లింది.

అక్కడ నోటుబుక్కులో ఏవో వరసలు రాసుకుంటుంటే హనుమాయమ్మ అడిగింది, ఏం రాస్తున్నావే అని.

"ఎనిమిది జాడీల్లోంచి నాలుగింటిని ఎన్ని రకాలుగా ఏరొచ్చో రాస్తున్నా పెద్దమ్మా. డెబ్భై వచ్చాయి. అన్నీ రాశాను."

"నాకు డెబ్భై ఎందుకే? నాలిక మీద వేసుకుంటే మైల తగిలింది ఏదో ఇట్టే చెప్పేస్తా."

"చెబుతావా?"

"చెప్పకపోతే నా పేరు మార్చుకుంటా!"

అలా రుచి చూసే మనిషి దొరికింది.

ఏప్రిల్ మొదట్లో, ఏడాది పరీక్షలయ్యాక, అరుగు మీద ఎనిమిది జాడీలూ దించారు. వాసెనలు విప్పుతుంటే అందరూ మెడలు చాచి చూశారు. ఎక్కడా బూజు లేదు. ఒక్కదాంట్లోనూ లేదు! హనుమాయమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని, ఒక్కో ముద్దా తిని మజ్జిగతో నోరు పుక్కిలించి, జాడీల్ని అటూ ఇటూ వేరు చేసింది. అయిదో నంబరు తిన్నాక కళ్లు మూసుకుంది.

"ఇదీ పచ్చడంటే! ఇది మా చెల్లెలు కలిపినా ఇంత బాగుండదు. అచ్చంగా టీచరు గారి చెయ్యే. చదువుకున్న చెయ్యి."

హయాత్ కవరు చించి చదివాడు. అయిదో నంబరు ధనశ్రీది. పెద్దమ్మ మైల అని తోసేసిన నాలుగింట్లో రెండు పిల్ల కలిపినవి, రెండు టీచరు గారివి.

"కళ్లు మూసుకుని ఏరినా ఎక్కువసార్లు ఇట్లాగే వస్తుంది పెద్దమ్మా," అంటూ ధనశ్రీ నోటుబుక్కు తెరిచింది. "ఈ డెబ్భైలో ముప్పై ఆరు ఇట్లాంటివే."

హనుమాయమ్మ ఆ ముప్పై ఆరూ చూపించమంది, చూసింది, నాలిక మొద్దుబారిందని సణిగింది. సణుగుతూనే అయిదో నంబరు జాడీ తన సంచిలో పెట్టుకుంది. వెళ్లబోతూ మాత్రం చెల్లెల్ని పక్కకు పిలిచి ఒక మాటంది. "పందెం నీ కూతురు గెలిచింది, సరే. ఊళ్లో తెలిస్తే నీ పచ్చడి ఎవరు ముట్టుకుంటారే?"

ఆ మాట చెంచమ్మకు ముల్లులా గుచ్చుకుంది. బెంగుళూరువాళ్లు పరీక్ష వివరమంతా సైటులో పెట్టారు, గోడ చెమ్మ కనిపెట్టింది చెంచమ్మ అని పేరు వేసి మరీ. నెట్ సెంటరుకు వెళ్లి తెర మీద తన పేరు వేలితో తడిమింది, ఇంగ్లీషులో నా పేరు ఇంత పొడుగా అని మురిసిపోయింది. కానీ ఆ సైటు పర్చూరులో చూసిందెవరు? పదిమంది పిల్లలు. తర్వాతి జనవరిలో మాటకు కట్టుబడి పిల్లను ఇంట్లోనే ఉంచింది, తనూ ఇంట్లోనే ఉంది, పిల్ల జాడీల్లో చెయ్యి పెట్టి కలిపింది, ఒక్క రోజు బడి మానలేదు. అంతా గుట్టుగానే. బయటివాళ్లతో చెప్పే ధైర్యం చెంచమ్మకు లేదు.

2008 మార్చి. పదో తరగతి లెక్కల పరీక్ష ఉదయం తొమ్మిదిన్నరకు. ఎనిమిదింటికే ఇంటి నిండా జనం. ఒంగోలు నుంచి వచ్చిన పెద్దావిడ, ఆవిడ వెంట మరో ముగ్గురు, జాడీలు ఎంచుకుంటున్నారు. హనుమాయమ్మ కూడా వచ్చి ఉంది. ధనశ్రీ తలస్నానం చేసి, జుట్టు తుడుచుకుంటూ జాడీల మధ్య నుంచి వచ్చింది. అంతే, హనుమాయమ్మ అలవాటు కొద్దీ అరిచేసింది.

"ఏమే, బయట చేరావా ఏం? ఆ జాడీల మధ్య తిరుగుతావేంటే!"

ఎక్కడి చేతులు అక్కడ ఆగిపోయాయి. ఒకావిడ పట్టుకున్న జాడీ కిందపెట్టేసింది. హనుమాయమ్మ నాలిక కరుచుకుంది కానీ ఏం లాభం? ధనశ్రీ తల్లి వంక చూసింది. పోవే పంచలోకి అని ఒక్క మాటంటే గండం గడిచిపోతుంది, పచ్చడి నిలబడుతుంది. పరీక్ష?

చెంచమ్మకు అరికాలి నుంచి కోపం పొంగుకొచ్చింది. అది అక్క మీదా కాదు, వచ్చినవాళ్ల మీదా కాదు. ఇన్నాళ్లు గుట్టుగా దాచుకున్న తన భయం మీద.

"అవునక్కా, చేరింది. లెక్కల పరీక్షకు పోతోంది. ధనా, ఆ పెద్ద జాడీ మూత తియ్. చేత్తోనే తీసుకుని అన్నంలో కలుపుకో." పిల్ల తటపటాయిస్తుంటే గద్దించింది. "తియ్యవే!"

పిల్ల తీసింది. కలుపుకుంది. అందరి ముందూ నిలబడి గబగబా తింది.

"ఈ ఏడాది పెట్టిన జాడీలన్నింట్లోనూ ఈ పిల్ల చెయ్యి తగిలింది. నా చెయ్యీ తగిలింది, నేను బయటున్నప్పుడూ తగిలింది. మూతలు తీసి చూసుకోండి. ఎక్కడైనా బూజు కనపడితే ఆ జాడీ నా నెత్తిన పగలగొట్టండి. వద్దనుకునేవాళ్లు వెళ్లండి, ఏమీ అనుకోను."

జాడీ కిందపెట్టిన ఆవిడ నిజంగానే వెళ్లిపోయింది. మిగతా ఇద్దరు ఒంగోలు పెద్దావిడ ముఖంలోకి చూశారు. ఆవిడ నిదానంగా ఒక జాడీ వాసెన విప్పింది, కొంచెం తీసి నాలిక మీద వేసుకుంది.

"పరీక్ష ఎన్నింటికమ్మా?"

"తొమ్మిదిన్నరకండి."

"మరి నిలబడ్డావేం? పరుగెత్తు. చెంచమ్మా, నాకు రెండు జాడీలు కట్టించు."

ధనశ్రీ హాల్ టికెట్టు పట్టుకుని వీధివాకిట్లోంచి బయటికి ఉరికింది. రోడ్డు మీద పత్తి బస్తాల ట్రాక్టరు అడ్డంగా ఆగి ఉంది, అటూ ఇటూ సందు లేదు. చెంచమ్మ కారం చేతులతోనే రోడ్డెక్కి, సైకిలు షాపు దాటి వినపడేలా కేకేసింది.

"ఒరేయ్, బండి తియ్యరా! మా అమ్మాయి లెక్కల పరీక్ష రాయడానికి పోతోంది!"

డ్రైవరు ఉలిక్కిపడి ట్రాక్టరు పక్కకు లాగాడు.